క్యూ కమిటీకి అధ్యక్షురాలిని నేనే

2002 సెప్టెంబరు 3, మంగళవారం

డాక్టరమ్మ ఇవాళ నాన్చకుండా చెప్పేసింది. మా ఆయన జెనోన్ ఎడమ కన్ను రెండేళ్ళ కిందటే పోయింది. కుడి కంటి నడిమి చూపు కూడా నవంబరు మొదట్లో, సకల పునీతుల పండుగ నాటికి పోతుందట. చుట్టూ అంచులు మిగులుతాయి, మధ్యలో మసి మరక. "ఎదురుగా మనిషి నిలబడితే వెనక గోడ కనిపిస్తుంది, మనిషి మొహం కనిపించదు" అంది. ముప్పై నాలుగేళ్ళుగా ఈయన నన్ను అలాగే చూస్తున్నాడు, కొత్తేముంది అందామనుకున్నాను. ఆవిడది నవ్వే మొహం కాదు, ఊరుకున్నాను.

బస్సులో జెనోన్ కిటికీ వైపు తల పక్కకి వంచి కూర్చున్నాడు. ఇప్పుడు ఏది చూడాలన్నా కోడిలా అలా తల వంచాల్సిందే. అలాగే బయటికి చూస్తూ అన్నాడు. "మొన్న వానలు బాగా పడ్డాయి బ్రోన్యా. శనివారం పుట్టగొడుగులకి పోదామా? ఈ ఒక్క ఏడూ నా కంటితో నేను ఏరుకుంటాను."

"పోదాంలే" అన్నాను. నా ధ్యాస అక్కడ లేదు. చూపు పోయేలోగా ఈ మనిషికి ఏం చూపించాలా అని ఆలోచిస్తున్నాను. మా ఊరు రాదోమ్‌లో బస్సు ఆగేసరికి తట్టింది. "మూడో దళం" ఆరో భాగం!

1977లో ఆ టీవీ సీరియల్ వాళ్ళు కొజెనీత్సె అడవిలో షూటింగ్ పెట్టుకుని, మా తోళ్ళ ఫ్యాక్టరీ నుంచి గుర్రమెక్కడం వచ్చిన పన్నెండు మందిని పట్టుకుపోయారు. అందులో మా ఆయన ఒకడు. అప్పటినుంచి ప్రతి పెళ్ళిలోనూ మూడో గ్లాసు దిగగానే అదే కథ. "వాగు దాటే గుర్రాల్లో ఎడమ నుంచి మూడోది నాది." అది టీవీలో వచ్చిన రోజు మా పేటలో కరెంటు పోయింది. మళ్ళీ ఎప్పుడూ వేయలేదు. "గుర్రం లేని రౌతు" అని నేనే పేరు పెట్టాను, చుట్టాలందరికీ నోటికొచ్చేసింది. పాతికేళ్ళు నవ్వాను. ఇప్పుడు వెతికి తెచ్చి, ఆ కంటికి అదే చూపిస్తాను. మనిషికి అంతకన్నా కోరిక ఏముంటుంది?

సెప్టెంబరు 5

దొరికింది! లైబ్రరీ మూసేసి నన్ను ఇంటికి పంపినప్పుడు కొన్న కంప్యూటరు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.

ఇంటర్నెట్‌లో రాతలతో కబుర్లాడుకునే ఐఆర్‌సీలో "పాత తెర" అనే గది ఉంది. వేసవి నుంచి అక్కడ తిరుగుతున్నాను. అందరూ మా ఈడువాళ్ళే, అందరికీ చిన్నప్పటి సీరియల్ ఏదో ఒకటి కావాలి. జెనోన్‌కి ఆ గది నచ్చదు. "బొమ్మ లేదు, గొంతు లేదు, యాభై మంది రాతల్లో అరుచుకుంటున్నారు. ఇదేం కచేరీ?" అంటాడు.

ఆ గదిలో "కియోస్క్" అని ఒకటుంది. మనిషి కాదు, ఎక్కడో ఎవరో తెరిచిపెట్టి వదిలేసిన ప్రోగ్రాము. దాని పట్టికలో మనకి కావలసిన నంబరు చూసి దానికి రాస్తే ఫైలు నేరుగా మన కంప్యూటరుకి పంపుతుంది. ఒకసారికి ఒక్కరికే. ఇంకో పది మందిని వరుసలో నిలబెడుతుంది. పదకొండోవాడికి "నిండింది, తర్వాత రండి" అంటుంది. లైను తెగితే వరుసలో చోటు కూడా పోయినట్టే.

పట్టికలో 214: మూడో దళం, ఆరో భాగం.

సెప్టెంబరు 7, శనివారం

వరుసలో నాది మూడో స్థానం. కుర్చీ వదల్లేదు. పొద్దున్నే జెనోన్ బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"బుట్ట దులిపాను. పుట్టగొడుగులకి రావా?"

"మూడో స్థానంలో ఉన్నానయ్యా! ఇప్పుడు లేస్తే ఎలా?"

"నువ్వు లేస్తే ఆ వరుస ఏమన్నా కూలిపోతుందా?"

"కంప్యూటరు సంగతి నీకేం తెలుసు? వచ్చే వారం వెళ్దాం. పుట్టగొడుగులు ఎక్కడికి పోతాయి."

సాయంత్రం నాలుగింటికి, రెండో స్థానానికి వచ్చాక, లైను తెగింది. మళ్ళీ కలిసేసరికి "నిండింది, తర్వాత రండి."

సెప్టెంబరు 8

నలభై ఒక్కసార్లు రాశాను. నలభై ఒక్కసార్లూ నిండింది.

సెప్టెంబరు 11

గది గదిలా లేదు, సంతలా ఉంది. బీల్‌స్కోలో ఉండే కొస్మా ఉన్నాడు, రిటైరైన ఇంజనీరు, వాక్యం చివర చుక్క పెట్టకుండా నిద్రపోడు. అతగాడు కూడా ఇవాళ చుక్కలు మర్చిపోయాడు.

"నాలుగో రోజమ్మా ఇది! గంటకి నలభై సార్లు తలుపు కొడుతున్నా"

తోరున్‌లో ఉండే లుద్గార్దా ఊరుకునే రకం కాదు. "నువ్వు కొట్టబట్టే మాకు అందట్లేదు. నీ వేళ్ళు పడిపోను!"

"నా వేళ్ళ జోలికొస్తే మర్యాద దక్కదు"

"నీకుంటే కదా ఇవ్వడానికి!"

అప్పుడు నేను రాశాను. "1981లో దుకాణాలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు వాషింగ్ మెషీన్ల కోసం మీరెవరూ నిలబడలేదా?"

 ఒక్కొక్కళ్ళే బయటపడ్డారు. ఒకరు సోఫా కోసం పదకొండు రోజులు, ఒకరు టైర్ల కోసం, లుద్గార్దా పెళ్ళి బూట్ల కోసం. నా సంగతీ చెప్పాను. పెద్దవీధి దుకాణం ముందు పంతొమ్మిది రోజులు, నూట అరవై మంది, రోజుకి మూడుసార్లు పేర్లు పిలిచి హాజరు. క్యూ కమిటీకి అధ్యక్షురాలిని నేనే. ఒక్కడు కూడా అడ్డదారిన దూరలేదు. చివరికి వాషింగ్ మెషీన్లు రాలేదు, ఇస్త్రీపెట్టెలు వచ్చాయి. అది వేరే సంగతి. వరుస మాత్రం చెక్కు చెదరలేదు.

"మనకీ ఓ జాబితా ఉంటే!" అన్నాడు కొస్మా.

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు గదంతా ఎగిరి గంతేసింది. ఎంత తిట్టుకున్నా, ఇరవయ్యేళ్ళు పోయాక మనుషులకి తమని నిలబెట్టిన వరుస మీద కూడా ప్రేమ పుడుతుందనుకుంటా. నాకు కాదు, వాళ్ళకి.

సెప్టెంబరు 14, శనివారం

చారిత్రక దినం. కమిటీ ఏర్పడింది. అధ్యక్షురాలు: నేను. ముప్పై రెండు ఓట్లు, వ్యతిరేకం లేదు.

మొదటి నియమం నాదే. కమిటీ నంబరు పిలిచేదాకా ఎవరూ కియోస్క్‌కి రాయకూడదు. అసలు నియమం అంటే ఇదీ. లైను తెగినా జాబితాలో చోటు పోదు. మనిషి నిశ్చింతగా స్నానం చేయొచ్చు, సూపు కాచుకోవచ్చు. అప్పటికే కియోస్క్ వరుసలో ఉన్న పది మందిని కూడా కొస్మా దింపేశాడు. "న్యాయం అంటే అందరూ సున్నా నుంచి మొదలెట్టాలి." పది మందీ బుద్ధిగా దిగిపోయారు. ఫైలు అందుకుంటున్న ఒకాయన కూడా సినిమా సగం వచ్చాక ఆపేశాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి నాకు.

శనివారాలు మూడు హాజర్లు: పదికి, పన్నెండుకి, నాలుగుకి. వరసగా రెండింటికి రాకపోతే పేరు కొట్టేస్తాం. నేను పంతొమ్మిదో నంబరు తీసుకున్నాను. ముందు రాసుకో అన్నారు, ఒప్పుకోలేదు. అధ్యక్షురాలు ముందు దూరితే అది కమిటీ ఎలా అవుతుంది?

జెనోన్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నేను రాసేదాన్ని పైకి చదువుతూ రాస్తాను, అలవాటు. "మరి పుట్టగొడుగులకి ఇవాళ కూడా లేదన్నమాట" అన్నాడు.

"చూస్తున్నావుగా, పదికి హాజరు."

"చూస్తున్నాను" అన్నాడు, తల వంచి.

నీ కోసమే కదా ఇదంతా అన్నాను. బుట్ట తీసుకెళ్ళి మళ్ళీ మూలన పెట్టాడు. కృతజ్ఞత మగాళ్ళకి నోటితో రాదు.

సెప్టెంబరు 17

ఒకటో నంబరు పిలిచాం. ఏడు గంటల్లో ఫైలు అందింది. అందరూ చప్పట్లు. రెండో నంబరు రేపు.

సెప్టెంబరు 21, శనివారం

ముగ్గురి పేర్లు కొట్టేశాను. ఒకావిడ మనవరాలి జ్ఞానస్నానం అంది. వాషింగ్ మెషీన్ల రోజుల్లో మా కమిటీలో ఒకడు తన పెళ్ళి రోజున కూడా హాజరు పలికాడు, అదే చెప్పాను. కొట్టేయడం మనసుకి కష్టమే. కాని ఎవరో ఒకరు చేయాలి. చేయి బాగా తిరిగింది.

జెనోన్ మధ్యలో రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి టీ కావాలా అన్నాడు. రెండోసారి, "కింద ఇంటి వాళ్ళు రెండు బుట్టలు తెచ్చారు. మేలురకం బొరోవిక్‌లు, ఒక్కోటి పిడికిలంత. రేపైనా వెళ్దామా పుట్టగొడుగులకి?" అన్నాడు. రేపు ఆదివారం, నియమావళి సవరణ చర్చ. వచ్చే వారం తప్పకుండా అన్నాను.

సెప్టెంబరు 24

నాలుగో నంబరు అయింది. ఐదో నంబరు దగ్గర బండి ఆగింది. ఐదు లుద్గార్దాది. ఆవిడ తన మరిది పేరు మీద ఎనిమిదో నంబరు కూడా రాయించిందట. ఇద్దరూ ఒకే కంప్యూటరు నుంచి వస్తున్నారని కొస్మా కనిపెట్టాడు.

"మా మరిదికి కంప్యూటరు లేదు, వాడి తరఫున నేను నిలబడ్డాను. తప్పా?"

"మరిది ఉన్నాడని రుజువేంటి?"

"మా చెల్లెలు పదిహేడేళ్ళుగా ఎవడికి వండి పెడుతోందనుకున్నావు, దెయ్యానికా?"

ఫిర్యాదుల సంఘం వేశాం, ముగ్గురు సభ్యులు. వాళ్ళు తేల్చేదాకా ఎవరినీ పిలవకూడదు. మరి న్యాయం న్యాయమే.

సెప్టెంబరు 28, శనివారం

పదిన్నరకి టీ పెట్టుకుందామని వంటగదిలోకి వెళ్తే బల్ల మీద చీటీ. పెద్ద పెద్ద అక్షరాలు, వరుస కిందికి జారిపోయింది. "పుట్టగొడుగులకి వెళ్తున్నా. అడవి పక్క పియోంకి ఊరికి పదింటి బస్సు. పదకొండుకి ఇంకోటి ఉంది. మనసు మారితే రా."

పన్నెండుకి హాజరుంది. కూర్చున్నాను. కాని ఒకే పేరు రెండుసార్లు పిలిచానట, కొస్మా ఎత్తి చూపాడు.

నాలుగు దాటాక వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, మొహంలో మాత్రం వెలుగు. బుట్ట నా ముందు పెట్టి, "చూడు, సగం బుట్ట! నేనొక్కణ్ణే!" అన్నాడు. చేయి పెట్టి కలిపాను. పైన మంచివే. కింద మూడు ఆకుపచ్చ టోపీలవి. తిరగేశాను. కింద తెల్ల రేకులు, కాడకి ఉంగరం, మొదట్లో తిత్తి. అలాంటి విషపుది ఒక్కటి చాలు ఇంటిల్లిపాదికీ. మా ఊళ్ళో చంటిపిల్లలకి మాట రాకముందే అది నేర్పుతారు. నలభై ఏళ్ళు అడవిలో తిరిగి ఒక్కటీ తప్పుగా కోయని మనిషి.

"జెనోన్, ఇవి చూసే కోశావా?"

తీసుకున్నాడు. కోడిలా తల అటు వంచాడు, ఇటు వంచాడు. వేలితో కాడ మొదలు తడిమాడు. తిత్తి తగలగానే చేయి ఆగిపోయింది.

బుట్టంతా చెత్తలో పోశాను. చేతులు మూడుసార్లు కడిగించాను. తిట్టాను కూడా, గట్టిగానే. భయమేసింది మరి. నేను వెంట వెళ్ళి ఉంటే ఆ మూడూ బుట్టలో పడేవి కావు. కాని నాకు హాజరుంది కదా.

అక్టోబరు 2

ఫిర్యాదుల సంఘం కార్యదర్శి కీళ్ళనొప్పులకి శానటోరియం వెళ్ళాడు. మూడు వారాలు. ఆయన లేకపోతే కోరం లేదు. ఐదో నంబరు అలాగే ఉంది.

అన్నట్టు, నిన్న ఎవడో పోర్చుగల్ వాడట, గదిలోకి వచ్చాడు, పలకరింపు లేదు ఏం లేదు, కియోస్క్‌కి రాశాడు, ఫైలు తీసుకున్నాడు, పోయాడు. జాబితా ఉందని వాడికి చెప్పేలోపే! కొస్మా ఇంగ్లీషులో నిరసన లేఖ తయారుచేస్తున్నాడు. వాడికి అడగ్గానే ఎలా దొరికిందో విచారించాలి.

అక్టోబరు 5, శనివారం

పొద్దున ఏడింటికే లేచి నా మంచం అంచున కూర్చున్నాడు. "బ్రోన్యా, మళ్ళీ వాన పడింది. చలి ముదరక ముందు ఇదే ఆఖరు. వాసన నేను పట్టుకుంటాను, చోటు నాకు తెలుసు. పచ్చవి కాకుండా నువ్వు చూస్తే చాలు. పుట్టగొడుగులకి పోదాం, ఒక్క పూట. పన్నెండుకల్లా తెచ్చేస్తాను నిన్ను."

"పదికి హాజరు" అన్నాను.

"నీ నంబరు ఎప్పుడొస్తుంది?"

"వస్తుంది. నాలుగు దాకా అయ్యాయి."

"పది రోజుల కిందట కూడా నాలుగే అన్నావు."

బయటివాళ్ళకి కమిటీ పని అర్థం కాదు. ఇలాంటి ప్రశ్నలతోనే దేశం పాడైంది.

అక్టోబరు 9

కొస్మా ఇవాళ అందరిముందూ ఒక ప్రతిపాదన పెట్టాడు. పాత రోజుల్లో గర్భిణులకీ, యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళకీ క్యూలో ముందు చోటు ఇచ్చేవాళ్ళం కదా, అలాగే చూపు పోతున్న మనిషి ఇంట్లో ఉన్న అధ్యక్షురాలికి ముందు నంబరు ఇవ్వాలట. లుద్గార్దా కూడా "ఇచ్చేయండి పాపం" అంది. ఆవిడ నోట మంచిమాట వినడం అదే మొదలు.

నేను తిరస్కరించాను. పదకొండు వాక్యాల్లో రాశాను. నా జీవితంలో ఏ వస్తువూ బల్లకింద నుంచి తీసుకోలేదని, తీసుకోబోనని. ఇరవై ఆరుగురు మెచ్చుకున్నారు. ఆ పదకొండు వాక్యాలూ కాపీ తీసి దాచుకున్నాను. ఎవరైనా అడిగితే చూపించొచ్చు.

జెనోన్‌కి చెప్పలేదు.

అక్టోబరు 12, శనివారం

జాబితాలో నలభై ఒక్కమంది. కొత్తగా వచ్చేవాళ్ళకి చోటు చాలడం లేదు, అందుకని జాబితాలో చేరడానికి ఇంకో జాబితా తెరిచాం. హాజరు నూటికి నూరు. ఇంత చక్కటి శనివారం ఈ మధ్య గడవలేదు.

అక్టోబరు 15

జెనోన్ టీ కప్పు పక్కన పోశాడు. బల్లంతా. కప్పు అక్కడే ఉంది.

అక్టోబరు 19, శనివారం

డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్ని అంది. "చేయి ఉందా అక్కడ?" అన్నాడు జెనోన్. హాస్యమనుకుని నేను నవ్వాను. హాస్యం కాదు. అయిపోయిందట. పండుగకి ఇంకా రెండు వారాలున్నాయి, చెప్పిన గడువు కూడా ఆగలేదు.

బయటికొచ్చేసరికి గడ్డి మీద తెల్లగా మంచు. ఈ ఏటికి మొదటిది. జెనోన్ బూటు కింద అది కరకరమంటే ఆగాడు. "పడిందా?" అన్నాడు. "పడింది" అన్నాను.

ఇవాళ మొదటి హాజరుకి నేను లేను. కొస్మా నా బదులు పిలిచాడట. నా పేరు కూడా పిలిచాడట.

అక్టోబరు 22, మంగళవారం

ఇది జరిగినట్టుగా రాయాలి. మధ్యాహ్నం మూడింటికి గదిలోకి కొత్త పేరు వచ్చింది.

"నమస్కారం. నేను దొబ్రోహ్నా, ష్చెచిన్‌లో పళ్ళ డాక్టర్ని. కియోస్క్ నాదే. దాదాపు నెల్లాళ్ళుగా మీలో ఒక్కరూ ఏమీ తీసుకోలేదు. ఎవరికీ అక్కర్లేదేమో, మూసేద్దామా అని అడగడానికి వచ్చాను."

"ఎలా మూసేస్తారు? నలభై ఒక్కమంది క్యూలో ఉన్నాం!" కొస్మా.

"ఏ క్యూలో అండీ?"

"కియోస్క్ క్యూలో!"

"కియోస్క్ ముందు ఎవరూ లేరు. ఖాళీ. సెప్టెంబరు ఇరవై నాలుగు నుంచీ ఖాళీయే. ఒక పోర్చుగల్ ఆయన వచ్చాడు, తీసుకున్నాడు, వెళ్ళాడు. మీకేం కావాలో రాయండి, ఇప్పుడే ఇస్తుంది."



మొదట తేరుకున్నది కొస్మాయే. "ఖాళీ అంటే, ఎవరి లెక్క ప్రకారం ఖాళీ?"

"యంత్రం లెక్క ప్రకారం."

"యంత్రానికి జాబితా సంగతి తెలుసా?"

"తెలీదండీ. దానికి జాబితా ఎందుకు?"

"చూశారా! దానికి తెలీదు!" అన్నాడు, కేసు గెలిచినట్టు.

తర్వాత జరిగింది నా చేత్తో రాయాలంటే చేయి రావడం లేదు. ఓటింగ్ పెట్టారు. క్యూ ఖాళీగా ఉందంటే ఎవరైనా దూరే ప్రమాదం మరీ ఎక్కువ కాబట్టి జాబితా కొనసాగాలని ఇరవై మూడు మంది. వద్దని తొమ్మిది మంది. క్యూ ఎందుకు ఖాళీ అయిందో తేల్చడానికి ఇంకో సంఘం. దొబ్రోహ్నా గారి పేరు నలభై రెండులో రాశారు. సొంత కియోస్క్‌కి ఆవిడ నలభై రెండోది. "అధ్యక్షురాలు గారేమంటారు?" అని లుద్గార్దా అడిగింది.

"పరిశీలిస్తాం" అని రాశాను. నేనే రాశాను.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. ఇక్కడ దేవుడు నాలుగు వారాలు వరం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పూజారిని నేను.

అక్టోబరు 23

కియోస్క్‌కి 214 అని రాశాను. "పంపుతున్నాను" అంది. అంతే. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

రాసింది సాయంత్రం నాలుగింటికి. పొద్దున పదింటికే కంప్యూటరు తెరిచాను. పది నుంచి నాలుగు దాకా ఏం చేశానంటే, కర్టెన్లు ఉతికాను. మురికిగా ఉన్నాయి. నా నంబరు ఇంకా పిలవలేదు కూడా.

అక్టోబరు 24, గురువారం

ఫైలు మొత్తం వచ్చింది. భోజనాలయ్యాక జెనోన్‌ని తెచ్చి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. తెర కనపడదని తెలుసు. అంచులతోనైనా ఏదో ఒకటి అందుతుందేమోనని. మనిషికి తన కోరిక తీరిందన్న తృప్తయినా ఉంటుంది కదా.

ఇరవై రెండో నిమిషంలో వాగు వచ్చింది. పొగమంచు, అవతలి ఒడ్డు, గుర్రాలు. ఎడమ నుంచి మూడో గుర్రం మీద ఎవడో గడ్డం వాడు. వెనక్కి తిప్పాను. రెండోది చూశాను, నాలుగోది చూశాను, ఒడ్డు మీద నిలబడ్డవాళ్ళని కూడా చూశాను. మూడుసార్లు తిప్పాను. లేడు.

"ఆగిందా?" అన్నాడు జెనోన్.

పాతికేళ్ళుగా ఈ క్షణం కోసమే కాచుక్కూర్చున్నదాన్ని. గుర్రం లేని రౌతూ, దొరికిపోయావు! అనే మాట నాలుక చివర ఉంది. నా నోరు తెరుచుకుని వేరేది అనేసింది.

"ఇదిగో, వచ్చావు."

"ఏదీ? ఎలా ఉన్నాను?"

"టోపీ ఓ పక్కకి వంగి ఉంది. నీ తల ఎప్పుడు నిటారుగా ఉంది గనక. జుట్టు మాత్రం బోలెడుంది."

"గుర్రం?"

"తెల్లది. నీకన్నా దానికే బుద్ధి ఎక్కువ. లోతు చూసుకుని కాలు పెడుతోంది. నువ్వేమో కెమెరా ఎక్కడుందా అని వెతుక్కుంటున్నావు."

పెద్దగా నవ్వాడు. ఈ శరదృతువులో ఆ నవ్వు వినడం ఇదే. నాకు ఊపొచ్చింది. నీళ్ళు ఎంత చిమ్మాయో, కత్తి ఎలా మెరిసిందో, పక్కవాడి గుర్రం ఎలా బెదిరిందో అన్నీ చెప్పాను. జన్మలో ఇంత అబద్ధం ఆడలేదు. లైబ్రరీలో పాతికేళ్ళు చదివిందంతా పనికొచ్చింది.

"బాగా చెప్తున్నావు" అన్నాడు. "కాని నాది నల్ల గుర్రం బ్రోన్యా. ఆ ముక్క కోసేశారు."

"ఎవరు చెప్పారు?"

"నేనే చూశాను. 78లో ఫ్యాక్టరీ క్లబ్బులో వేశారు, మా సెక్షనంతా కూర్చుంది. నేను లేను. గుర్రం తోక కూడా లేదు."

"మరి పాతికేళ్ళు ఆ కథ ఎందుకు చెప్పావయ్యా, పెద్దమనిషీ?"

"చెప్పినప్పుడల్లా నువ్వు నవ్వేదానివి. పేరు కూడా పెట్టావు."

నాకు ఒళ్ళు మండింది. "అయితే ఏడు వారాలు నన్ను ఈ పెట్టె ముందు ఎందుకు కూర్చోనిచ్చావు? నువ్వు అడిగావనే కదా, ఆ సినిమా కావాలని..."

"నేనెప్పుడడిగాను?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నా దగ్గర జవాబుండేది, నాకు జవాబులకి కరువా? నిజంగా తెలియక అడిగినట్టు అడిగాడు. తర్వాత, "ఆపేశావే? గుర్రం ఒడ్డెక్కిందా?" అన్నాడు.

"ఎక్కింది" అన్నాను.

అతను వెళ్ళి పడుకున్నాక ఈ డైరీ తీశాను, అతని తప్పు పట్టుకుందామని. సినిమా కావాలని అడిగిన రోజు ఎక్కడో ఒకచోట ఉండాలి. మూడో తారీఖు నుంచి పేజీ పేజీ చదివాను. లేదు. కోరిక అని రాసింది నేనే. నీ కోసమే అన్నదీ నేనే. అతను అడిగింది వేరేది. సెప్టెంబరు 3. 7. 14. 21. 28న చీటీలో. అక్టోబరు 5. ఆరుసార్లు. ఆరూ నా చేత్తోనే రాసి ఉన్నాయి, హాజరు పట్టీలా, తేదీలతో సహా. పన్నెండో తారీఖున అడగలేదు. అది నేను గమనించలేదు కూడా, ఆ రోజు శనివారం చక్కగా గడిచిందని రాసుకున్నాను.

మంచు పడిపోయింది. ఈ ఏటికి అడవిలో ఇంకేమీ ఉండదు. వచ్చే ఏటికి ఉంటుంది, ఆ కంటికి ఉండదు.

పక్క గదిలో మంచం కిర్రుమంటోంది, మేలుకునే ఉన్నాడు. వెళ్ళి ఎదురుగా కూర్చోవాలి. ఎదురుగా కూడా కాదు, కాస్త పక్కకి, అతనికి అంచుల్లోనైనా దొరికే చోట. సిగ్గుగా ఉంది.